గ్రాంటు వచ్చిన రోజు నుంచే లెక్క: హైదరాబాద్ విశ్వవిద్యాలయాలు, ఖర్చు నిబంధనలు

కేంద్ర ప్రభుత్వం నుంచి గ్రాంటు తీసుకున్న ప్రతి విశ్వవిద్యాలయం ఏడాది తిరిగేసరికి ఒక కాగితం తిరిగి ఇవ్వాలి. దాని అసలు పేరు వినియోగ ధ్రువపత్రం. క్యాంపస్‌లో మాత్రం అటెండరు నుంచి వీసీ దాకా అందరూ యూసీ అనే అంటారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో, అంటే జీఎఫ్ఆర్‌లో, స్వయంప్రతిపత్తి సంస్థలు వాడాల్సిన నమూనా 12-ఏ. చూడ్డానికి చిన్న కాగితమే. పైన ఒక పట్టిక ఉంటుంది. ఏడాది మొదట్లో చేతిలో ఉన్న నిల్వ, దాని మీద వచ్చిన వడ్డీ, ప్రభుత్వానికి తిరిగి కట్టిన వడ్డీ, ఈ ఏడాది ఏ మంజూరు ఉత్తర్వు కింద ఏ తేదీన ఎంత వచ్చింది, అందులో ఖర్చెంత, మిగిలిందెంత.

పట్టిక కింద కొన్ని వాక్యాలుంటాయి. ఖాతా పుస్తకాలు, ఆస్తుల రిజిస్టర్లు సక్రమంగా రాస్తున్నామని, డబ్బు మీద అంతర్గత అదుపు ఉందని, తమకు తెలిసినంత వరకు చట్టానికి గానీ నిబంధనలకు గానీ పథకం మార్గదర్శకాలకు గానీ విరుద్ధంగా ఏ లావాదేవీ జరగలేదని ఆ వాక్యాలు హామీ ఇస్తాయి. వాటి కింద రెండు సంతకాలు. ఆర్థిక విభాగం అధిపతిది ఒకటి, సంస్థ అధిపతిది ఒకటి. సంతకాల వేళ అందరి చూపూ పట్టిక మీదే ఉంటుంది. కూడికలు సరిపోయాయా, నిల్వ కిందటేడాదితో కలిసిందా అని సరిచూస్తారు. కింది వాక్యాలు ముందే అచ్చయి వచ్చినవి కాబట్టి ఎవరి కంటికీ ఆనవు. చిక్కులు మొదలయ్యేది మాత్రం వాటి దగ్గరే. పట్టికలో అంకె తప్పితే సవరించిన యూసీ పంపవచ్చు. ఆస్తుల రిజిస్టరు రాస్తున్నామని సంతకం పెట్టి, ఆడిట్ వాళ్లు అడిగినప్పుడు ఆ రిజిస్టరు చూపించలేకపోతే సవరించడానికి ఏమీ ఉండదు.

గ్రాంటు నిబంధనలు అనగానే అవినీతి, కుంభకోణం గుర్తుకొస్తాయి. అవి లేవని కాదు. కానీ విశ్వవిద్యాలయాల లెక్కల్లో రోజూ ఎదురయ్యే గొడవ అది కాదు. డబ్బు ఎక్కడికీ పోదు, వస్తువు ల్యాబ్‌లోనే ఉంటుంది, పని కూడా జరిగే ఉంటుంది. తేదీలు మాత్రం కలవవు. ఫలానా వస్తువు కావాలని ఇండెంటు పెట్టిన తేదీ, ఆర్డరు తేదీ, సరుకు అందిన తేదీ, స్టాక్ రిజిస్టరులో ఎక్కించిన తేదీ, చెల్లింపు తేదీ. ఈ ఐదూ వరుసలో ఉంటే చాలా అభ్యంతరాలు పుట్టనే పుట్టవు. వరుస తప్పిందంటే నిజాయతీగా పెట్టిన ఖర్చు కూడా అనుమానాస్పదంగానే కనిపిస్తుంది.

ఒకే నగరం, రెండు రకాల లెక్కలు

హైదరాబాద్‌లో ఈ విషయం మరికాస్త చిక్కుగా ఉండటానికి కారణముంది. ఇక్కడ కేంద్రీయ విశ్వవిద్యాలయాలే మూడున్నాయి. ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998 నాటి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, తార్నాక వైపు ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అంటే ఇఫ్లూ. వీటి వార్షిక లెక్కలను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్, తనిఖీ చేస్తుంది. ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వెళుతుంది.

1918 నాటి ఉస్మానియా, 1972లో వచ్చిన జేఎన్‌టీయూ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. వాటికి రాష్ట్ర బడ్జెట్ నుంచి బ్లాక్ గ్రాంటు వస్తుంది. అందులో సింహభాగం జీతాలకు, పింఛన్లకే పోతుంది. ఆ లెక్కలు చూసేది రాష్ట్ర ఆడిట్ శాఖ. అయితే అక్కడి ప్రొఫెసర్లు కేంద్ర విజ్ఞాన సాంకేతిక విభాగం నుంచో, బయోటెక్నాలజీ విభాగం నుంచో, 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానం నుంచో ప్రాజెక్టు తెచ్చుకుంటే ఆ డబ్బుకు జీఎఫ్ఆరే ప్రమాణం. రాష్ట్రాల్లో ఉన్నత విద్య కోసం కేంద్రం పెట్టిన రూసా పథకం, దాని స్థానంలో 2023లో వచ్చిన పీఎం ఉషా కింద అందేది ఇంకో రకం. అందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. అంటే ఒకే భవనంలో, ఒకే గుమస్తా బల్ల మీద మూడు రకాల నిబంధనలతో నడిచే ఫైళ్లుంటాయి. బ్లాక్ గ్రాంటుకు అలవాటైన పద్ధతిలో ప్రాజెక్టు డబ్బు ఖర్చు పెట్టడం వల్ల జరిగే పొరపాట్లు ఇక్కడి నుంచే పుడతాయి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనూ డబ్బు ఒకే సంచిలో రాదు. జీతాల గ్రాంటుకు పద్దు నంబరు 36, సాధారణ గ్రాంటుకు 31, ఆస్తుల కల్పనకు 35. ప్రభుత్వ లెక్కల్లో ఇవి వేర్వేరు పద్దులు. కరెంటు బిల్లు 31లోంచి కట్టాలి, మైక్రోస్కోపు 35లోంచి కొనాలి. 35లో మిగులు ఉందని దాంతో కాంట్రాక్టు సిబ్బందికి జీతమిస్తే, ఆ జీతం ఎంత న్యాయమైనదైనా అది మళ్లింపు కిందే లెక్క. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి 2019లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా దక్కింది. ఆ హోదా పొందిన ప్రభుత్వ సంస్థకు ఐదేళ్లలో 1,000 కోట్ల రూపాయల దాకా ఇస్తామన్నది ఆ పథకం. అలాంటి డబ్బుకు మళ్లీ వేరే లెక్క, వేరే యూసీ.

ఇన్ని గదుల వెనక ఉన్న ఆలోచన మాత్రం సాదాసీదాది. జీఎఫ్ఆర్ 21వ నియమం చెప్పేది ఇది: తన సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఇంగితమున్న మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటాడో, ప్రజల డబ్బు విషయంలోనూ ప్రతి అధికారీ అంత జాగ్రత్తగా ఉండాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయకూడదన్నది మన ఇళ్లలో ఎప్పుడూ వినే మాటే. 1947లో మొదటిసారి వెలువడి, 1963లో, 2005లో, 2017లో మారుతూ వచ్చిన నియమావళిలోని వందల నియమాలు ఈ ఒక్క వాక్యానికి వివరణలే.

ఒక యంత్రం, ఐదు తేదీలు

ఒక ఉదాహరణ తీసుకుందాం, 2025 సడలింపులకు ముందు నాటిది. గచ్చిబౌలిలోనో తార్నాకలోనో ఒక జీవశాస్త్ర ల్యాబ్. మూడేళ్ల ప్రాజెక్టు మంజూరైంది. ఉత్తర్వు సెప్టెంబరులో వచ్చింది. అందులో పరికరానికి 21 లక్షలు, రసాయనాలకు ఏటా కొంత, జేఆర్ఎఫ్ అనే ఒక జూనియర్ పరిశోధకుడి జీతం, ప్రయాణాలకు కొంత, సంస్థ నిర్వహణ ఖర్చుల కింద ఓవర్‌హెడ్. మొదటి విడత డబ్బు డిసెంబరులో అందింది. ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌ను అందరూ పీఐ అంటారు. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31కి ఆ పీఐ చేతిలో ఇక మూడు, నాలుగు నెలలే ఉన్నాయి.

యంత్రం కొనాలంటే ముందు జెమ్ పోర్టల్‌లో చూడాలి. 2016లో వచ్చిన ఈ ప్రభుత్వ ఈ-మార్కెట్‌లో దొరికే వస్తువును అక్కడే కొనాలన్నది సాధారణ నియమం. దొరకకపోతే, దొరకలేదన్న ఆధారం ఫైల్లో పెట్టాలి. తర్వాత టెండరు. ఆ యంత్రాన్ని ఒకే కంపెనీ తయారు చేస్తుంటే సింగిల్ టెండరుకు వెళ్లవచ్చు గానీ, దానికి ప్రొప్రయిటరీ సర్టిఫికెట్ కావాలి. మరే తయారీదారు వస్తువూ ఎందుకు పనికిరాదో కారణాలు రాసి సంతకం పెట్టాలి. "మాకు ఈ కంపెనీ అలవాటు" అన్నది కారణం కాదు. ఫలానా తరంగదైర్ఘ్యంలో ఫలానా సున్నితత్వం ఈ ఒక్క మోడల్‌కే ఉందని, ఈ ప్రయోగానికి అది లేకపోతే కుదరదని రాస్తే అది కారణం. పీఐకి తప్ప మరొకరికి తెలియని విషయమిది. దాన్ని ఆఫీసు సిబ్బంది చేత రాయించుకోవడం దగ్గరే ఫైలు బలహీనపడుతుంది.

ధర విషయంలో ఇంకో దెబ్బ తగిలిన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాల మీద అంతకుముందు 5 శాతం రాయితీ జీఎస్టీ ఉండేది. 2022 జూలై 18 నుంచి ఆ రాయితీ ఎత్తేశారు, పన్ను 18 శాతమైంది. 20 లక్షల యంత్రానికి పన్నుతో కలిపి 21 లక్షలని వేసుకున్న అంచనా ఒక్క రోజులో 23 లక్షల 60 వేలైంది. ఆ 2 లక్షల 60 వేలు ఎక్కడి నుంచి రావాలి? రసాయనాల పద్దు నుంచి తీస్తే నిధులిచ్చిన సంస్థ ముందస్తు అనుమతి కావాలి. అనుమతి కోసం ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా ఆగాలి. జవాబు రాకముందే కొనేసి, తర్వాత అనుమతి తెచ్చుకుందామనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

సరే, టెండరు ఫిబ్రవరిలో ముగిసింది. యంత్రం జర్మనీ నుంచో జపాన్ నుంచో మే నెలలో వస్తుంది. మార్చి 31న యూసీలో ఏం రాయాలి?

ఖర్చు సున్నా. నిల్వ 21 లక్షలు. ఆర్డరు ఇచ్చామన్న విషయాన్ని విడిగా, చెల్లించాల్సిన బాధ్యతగా చూపించవచ్చు. ఖర్చుగా చూపకూడదు. నియమం ఇంత సూటిగా ఉంది. కానీ ఆ నిల్వను చూసి వచ్చే ఏడాది విడత తగ్గిస్తారేమోనన్న భయం, "డబ్బులు ఖర్చు పెట్టలేని పీఐ" అన్న ముద్ర పడుతుందేమోనన్న భయం కలిసి మార్చిలో చేయకూడని పని చేయిస్తాయి. సరుకు రాకముందే ఇచ్చే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ మీదే మొత్తం డబ్బు కట్టేసి ఖర్చు అయిందని రాసేస్తారు. ప్రైవేటు సరఫరాదారుకు ఒప్పందం విలువలో 30 శాతానికి మించి అడ్వాన్సు ఇవ్వకూడదన్నది జీఎఫ్ఆర్‌లోని సాధారణ హద్దు. అదీ దాటిపోతుంది. మే నెలలో యంత్రం వచ్చి స్టాక్ రిజిస్టరులో ఎక్కుతుంది. యూసీ తేదీ ఏప్రిల్, యంత్రం తేదీ మే. రెండేళ్ల తర్వాత వచ్చిన ఆడిటర్ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే కనిపించేది, లేని వస్తువు కొన్నామని ఇచ్చిన ధ్రువపత్రం. అప్పటికి యంత్రం నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. దాంతో చేసిన పరిశోధన అచ్చయి కూడా ఉండవచ్చు. ఆడిట్ నివేదికలో అభ్యంతరం పేరా మాత్రం పడుతుంది.

చిన్న కొనుగోళ్లలో ఇంకో రకం జారుడు ఉంది. 2017 నియమావళి వచ్చినప్పుడు కొటేషన్లు లేకుండా కొనగల పరిమితి 25 వేలు. 25 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ముగ్గురు సభ్యుల కొనుగోలు కమిటీ బజారులో ధర, నాణ్యత విచారించి సిఫారసు చేయాల్సి ఉండేది. శాస్త్ర పరిశోధన సంస్థలకు ఈ హద్దులు పెంచారు. 2025 జూన్ సడలింపుతో కొటేషన్ లేని కొనుగోలు లక్ష నుంచి 2 లక్షలకు, కమిటీ ద్వారా కొనుగోలు 25 లక్షలకు పెరిగాయి. అంతకుముందు 2020 నుంచి 200 కోట్ల లోపు కొనుగోళ్లకు గ్లోబల్ టెండరు పిలవడం మీద ఆంక్ష ఉండేది. ఇప్పుడు పరిశోధన పరికరాల విషయంలో వీసీలు, డైరెక్టర్లే అనుమతించవచ్చు. ఆలస్యాన్ని తగ్గించే మంచి మార్పు ఇది. ల్యాబ్‌లలో ఏళ్ల తరబడి వినిపించిన మొరకు ఇన్నాళ్లకు దొరికిన జవాబు.

హద్దు ఎంత పెంచినా దాని కింద సర్దాలన్న ఆశ మాత్రం పోదు. ఒకే దుకాణం, ఒకే తేదీ, వరుస నంబర్లతో నాలుగు బిల్లులు, ఒక్కొక్కటి పాత 25 వేల హద్దుకు కాస్త కింద, 24 వేల తొమ్మిది వందలు. ఇలాంటి కట్ట చూడగానే ఏ ఆడిటరైనా పెన్ను తీస్తాడు. అవసరాన్ని ముక్కలు చేసి పద్ధతిని తప్పించుకోకూడదని 157వ నియమం స్పష్టంగా చెబుతోంది. ఇందులో బాధ కలిగించేది ఒకటుంది. ఆ నాలుగు బిల్లుల రసాయనాలూ నిజంగా అవసరమైనవే, ధర కూడా న్యాయమైనదే అయి ఉండవచ్చు. సెప్టెంబరులోనే ఏడాది అవసరమంతా ఒక ఇండెంటులో రాసుకుని కమిటీ ముందు పెట్టి ఉంటే అదే దుకాణం నుంచి, బహుశా ఇంకాస్త తక్కువకే వచ్చేవి. పద్ధతి తప్పినందువల్ల మిగిలిన లాభమేమీ లేదు.

కొటేషన్ లేని కొనుగోలుకు కూడా ఒక ధ్రువీకరణ ఉంటుంది. వస్తువు నాణ్యత, ధర, సరఫరాదారు నమ్మకం విషయంలో తాను స్వయంగా సంతృప్తి చెందానని కొనేవారు రాయాలి. చాలామంది దీన్ని రబ్బరు స్టాంపు చేసి పెట్టుకుంటారు. స్టాంపులో అక్షరాలు అరిగిపోయినా, "స్వయంగా" అన్న మాటకు బాధ్యుడు సంతకం పెట్టినవాడే.

ఖాతాలో నిలిచిన డబ్బు

ఒకప్పుడు గ్రాంటు వచ్చిందంటే విశ్వవిద్యాలయం బ్యాంకు ఖాతాలో పడేది, ఖర్చయ్యేదాకా అక్కడే ఉండేది. 50 లక్షలు ఆరు నెలలు సేవింగ్స్ ఖాతాలో ఉంటే, ఏడాదికి 3 శాతం వడ్డీ లెక్కన 75 వేలు వస్తాయి. ఆ 75 వేలు ఎవరివి? సంస్థవే అనుకుని ఇతర అవసరాలకు వాడుకోవడం చాలాకాలం నడిచింది. 2017 జీఎఫ్ఆర్ 230వ నియమం దీన్ని తేల్చేసింది. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ, ఇతర రాబడి లెక్కలు ఖరారు కాగానే భారత సంచిత నిధికి జమ చేయాల్సిందే. అందుకే 12-ఏలో వడ్డీకి రెండు గడులు పెట్టారు, వచ్చినదానికి ఒకటి, తిరిగి కట్టినదానికి ఒకటి. ప్రాజెక్టుల డబ్బంతా ఒకే ఖాతాలో కలిపి ఉంచిన చోట ఏ ప్రాజెక్టుకు ఎంత వడ్డీ అన్నది విడదీయడమే పెద్ద పని. పదేళ్ల కిందట ముగిసిన ప్రాజెక్టు మూతపడకుండా ఉండిపోవడానికి కొన్నిసార్లు కొన్ని వందల రూపాయల వడ్డీయే కారణం.

ఇప్పుడు ప్రభుత్వం డబ్బు ముందుగా ఇవ్వడమే తగ్గించుకుంది. పీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రతి చెల్లింపూ కనబడాలి. గత కొన్నేళ్లలో వచ్చిన ఉత్తర్వులతో రాష్ట్రాల ద్వారా వెళ్లే పథకాలకు ఒకే నోడల్ ఖాతా, కేంద్ర పథకాలకు కేంద్ర నోడల్ ఏజెన్సీ, స్వయంప్రతిపత్తి సంస్థలకు ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతి అమల్లోకి వచ్చాయి. డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరే ఉంటుంది. విశ్వవిద్యాలయానికి అందేది ఒక పరిమితి. బిల్లు పెట్టిన రోజునే డబ్బు కదులుతుంది. ఖాతాల్లో డబ్బు ఊరికే మురగడం, వడ్డీ తగాదాలు దీంతో తగ్గుతాయి. ఆ మేరకు ఇది సరైన దారే.

కానీ ట్రెజరీ పద్ధతిలో వాడని పరిమితి మార్చి 31తో రద్దయిపోతుంది. కొత్త ఏడాది పరిమితి వచ్చేదాకా ఏప్రిల్, మే నెలల్లో చెల్లించడానికి ఏమీ ఉండదు. పైన చెప్పిన యంత్రం మేలో వస్తుంది. ఢిల్లీ వరమిచ్చాక కూడా పూజారి దగ్గర ఆగినట్టు, బిల్లు ఫైనాన్స్ బల్ల మీద కూర్చుంటుంది. ఇది విశ్వవిద్యాలయం తప్పు కాదు. పరిశోధనకు ఆర్థిక సంవత్సరం తెలియదు. ఎలుకల కాలనీకి మేత, ద్రవ నైట్రోజన్ సిలిండర్లకు రీఫిల్ ఏప్రిల్ 1న కూడా కావాలి. మూడేళ్ల ప్రాజెక్టుకు మూడేళ్ల పరిమితి ఒకేసారి ఇచ్చి, లెక్క మాత్రం ఏటా అడగడం సాధ్యమే. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం మనసు మార్చుకుంటే మార్చి నెల తొక్కిసలాట సగం తగ్గుతుంది.

తొక్కిసలాట సంగతి నియమావళికి తెలియక కాదు. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో హడావుడిగా ఖర్చు పెట్టడం ఆర్థిక మర్యాదను ఉల్లంఘించడమేనని 62వ నియమం అంటుంది. మంత్రిత్వ శాఖలు చివరి మూడు నెలల్లో బడ్జెట్‌లో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు చేయకూడదు. అదే ఢిల్లీ నుంచి విడత ఫిబ్రవరిలో విడుదలైతే, మార్చిలో ఖర్చు పెట్టక హైదరాబాద్‌లోని పీఐ ఏం చేయాలి? ఇచ్చేవారు పాటించాల్సిన నియమం భారం పుచ్చుకునేవారి నెత్తిన పడుతోంది.

1971 కాగ్ చట్టంలోని 15వ సెక్షన్‌ను ఈ సందర్భంలో ఎక్కువమంది గుర్తు చేసుకోరు. ఒక ప్రత్యేక ప్రయోజనం కోసం గ్రాంటు ఇచ్చినప్పుడు, షరతులు నెరవేరాయని మంజూరు చేసిన అధికారి ఏ పద్ధతిలో నిర్ధారించుకున్నారో కాగ్ పరిశీలించాలని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే ప్రశ్న రెండు వైపులా వెళుతుంది. యూసీ ఎందుకు పంపలేదని విశ్వవిద్యాలయాన్ని అడిగినట్టే, పంపిన యూసీని చదివారా అని మంత్రిత్వ శాఖనూ అడగవచ్చు.

కట్టడాల డబ్బు

భవనాల విషయం క్లుప్తంగా చెబితే చాలు. హాస్టలు కోసమో, ల్యాబ్ సముదాయం కోసమో వచ్చిన గ్రాంటును పనులు చేసే ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థకు డిపాజిట్‌గా బదిలీ చేస్తారు. బదిలీ అయిన రోజే మొత్తం ఖర్చయిందని యూసీ పంపడం దేశమంతటా ఉన్న పాత అలవాటు. పునాది కూడా పడకుండా కాగితం మీద భవనం పూర్తవుతుంది. పని చేసిన సంస్థ ఎప్పటికప్పుడు ఇచ్చే ఖర్చు నివేదికలే యూసీకి ఆధారం కావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దీనికి 60:40 వాటాల ఆలస్యం తోడవుతుంది. కేంద్రం వాటా వచ్చి, రాష్ట్రం వాటా రాక పని ఆగితే, ఆగిన పనికి యూసీ ఇవ్వలేరు, యూసీ లేనిదే కేంద్రం రెండో విడత ఇవ్వదు. ఈ ముడి విప్పగలిగేది రాష్ట్ర ఆర్థిక శాఖే. క్యాంపస్‌లో ఎంత సమర్థుడైన ఫైనాన్స్ ఆఫీసరున్నా ఇక్కడ చేయగలిగేది కొంచెమే.

ఆగేది ఎవరి జీతం

యూసీ పంపడానికి జీఎఫ్ఆర్ ఇచ్చిన గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలలు. కానీ ప్రాజెక్టులో తర్వాతి విడత కావాలంటే అంతకాలం ఆగే వీలు లేదు. యూసీతోపాటు ఖర్చుల వివరణ పత్రం కూడా వెళితేనే విడత కదులుతుంది. అది ఆలస్యమైతే ప్రొఫెసర్ జీతం ఆగదు, ఫైనాన్స్ ఆఫీసర్ జీతం ఆగదు. ఆగేది ప్రాజెక్టులో పనిచేసే పిల్లల జీతం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37 వేలు, దాని మీద ఇంటి అద్దె భత్యం. వరంగల్ నుంచో, ఆదిలాబాద్ నుంచో వచ్చి మాణికేశ్వర్ నగర్‌లోనో, నల్లగండ్లలోనో గది అద్దెకు తీసుకున్న పరిశోధక విద్యార్థినికి అదే ఆధారం. మూడు నెలలు ఆగితే ఇంటి ఓనరుకు చెప్పుకోవడానికి యూసీ పెండింగ్ అన్న మాట పనికిరాదు. ఆ అమ్మాయి ప్రయోగం చేస్తూనే ఉంటుంది, ల్యాబ్ బల్ల మీద రోజూ పది గంటలు నిలబడుతూనే ఉంటుంది. రెండంతస్తుల కింద, ఫైనాన్స్ విభాగంలో ఒక ఓచరు దొరకక ఆమె జీతం ఆగి ఉంటుంది.

లెక్కలను గుమస్తా పనిగా, పరిశోధనను మేధావుల పనిగా విడదీసి చూసే అలవాటును వదులుకోవాలనడానికి ఇదే ముఖ్య కారణం. ప్రాజెక్టు ప్రతిపాదన రాయడంలో నెలలు గడిపే ప్రొఫెసర్ మంజూరు ఉత్తర్వులోని షరతుల పేజీని ఒక గంట చదివితే సగం తప్పులు ఆగుతాయి. ఆ ఉత్తర్వు వచ్చిన వారంలోనే పీఐ, ఫైనాన్స్ విభాగం, కొనుగోళ్ల విభాగం ఒకచోట కూర్చుని ఏ పద్దులో ఎంత, ఏ వస్తువు ఎప్పుడు, ఏ పద్ధతిలో అని రాసుకోవాలి. ప్రతి ప్రాజెక్టుకూ విడి లెడ్జరు ఉండాలి, అందులో నెలవారీ నిల్వ పీఐ కంటికి కనబడాలి. తన ప్రాజెక్టులో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ప్రొఫెసర్ ఫైనాన్స్ విభాగంలో తెలిసినవాళ్లను బతిమాలుకోవాల్సి వస్తే ఆ విశ్వవిద్యాలయంలో యూసీలు సకాలంలో వెళ్లడం కల్ల.

దీనికి మనుషులు కావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన పోస్టుల ఖాళీల గురించి చర్చ జరుగుతుంది, అది అవసరమే. లెక్కల విభాగాల్లో పదవీ విరమణ చేసినవారి స్థానంలో అవుట్‌సోర్సింగ్ సిబ్బంది వచ్చి, ఏడాదికొకరు మారిపోతున్నప్పుడు పాత ఫైలు జ్ఞాపకం ఎవరి దగ్గరా మిగలదన్న సంగతి చర్చకే రాదు. ప్రాజెక్టుల్లో సంస్థకు వచ్చే ఓవర్‌హెడ్ డబ్బు ఇలాంటి అవసరానికే. అందులోంచి జీఎఫ్ఆర్ తెలిసిన ఇద్దరు అకౌంటెంట్లను ప్రాజెక్టులకే కేటాయించి ఉంచడం ఏ విశ్వవిద్యాలయానికీ శక్తికి మించిన పని కాదు.

బహిరంగపరచడం ఇంకో మార్గం. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రాజెక్టువారీగా యూసీలను వెబ్‌సైట్‌లో పెడితే నష్టపోయేవారెవరూ లేరు. పొరుగు విభాగం యూసీ జూన్‌లోనే వెళ్లిందని, తమది డిసెంబరు దాకా వెళ్లలేదని అందరికీ కనబడితే పనులు వాటంతటవే వేగం పుంజుకుంటాయి.

ప్రాజెక్టు ముగిశాక

నిబంధనలు కనికరం లేనివని అనుకునేవారు గ్రంథాలయాల నియమాన్ని చూడాలి. పాఠకులు వాడే పుస్తకాల్లో వెయ్యికి ఐదు పోవడం సహజమేనని, నిర్లక్ష్యమో మోసమో లేనంత వరకు దాన్ని నష్టంగా ఒప్పుకోవచ్చని జీఎఫ్ఆర్ 215వ నియమం అంటుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం పోతే మాత్రం విచారించాలి. 50 వేల పుస్తకాలు దాటిన గ్రంథాలయంలో మొత్తం లెక్కపెట్టనక్కర లేదు, మూడేళ్లలో ఒకసారైనా నమూనాగా కొన్ని తీసి చూస్తే చాలు. పుస్తకం చేతులు మారే వస్తువని, చేతులు మారనిదే దానికి ప్రయోజనం లేదని తెలిసినవారు రాసిన నియమమిది.

పరికరాలకు అలాంటి వెసులుబాటు లేదు. స్థిరాస్తులను ఏడాదికొకసారైనా కళ్లారా చూసి రిజిస్టరుతో పోల్చాలి. గ్రాంటుతో కొన్న ఆస్తిని నిధులిచ్చినవారి అనుమతి లేకుండా అమ్మడానికి గానీ, తాకట్టు పెట్టడానికి గానీ, వేరే పనికి మళ్లించడానికి గానీ వీల్లేదు. ప్రాజెక్టు ముగిసి, పీఐ ఇంకో విభాగానికి మారి, యంత్రం కింది అంతస్తు ల్యాబ్‌కు వెళ్లి, దాని మీద అతికించిన నంబరు చీటీ ఊడిపోయినా రిజిస్టరులో అది పాత గదిలోనే ఉంటుంది.

ప్రొఫెసర్ పదవీ విరమణ రోజు దగ్గరపడినప్పుడు ఇదంతా ఒక్కసారిగా పైకి వస్తుంది. నో డ్యూస్ పత్రం మీద గ్రంథాలయం, స్టోర్సు, ఫైనాన్స్ విభాగం సంతకాలు పెట్టాలి. పదిహేనేళ్ల కిందటి సెమినార్‌కు తీసుకున్న 40 వేల అడ్వాన్సు సర్దుబాటు కాలేదని, అప్పటి భోజనాల బిల్లు ఫైల్లో లేదని అప్పుడు తెలుస్తుంది. ఆ క్యాటరర్ దుకాణం మూసేసి ఉంటాడు. సెమినార్‌కు వచ్చినవారి సంతకాల కాగితం ఏ అలమరాలోనో ఉండే ఉంటుంది. దాన్ని వెతకడానికి పాత విద్యార్థినొకరిని వెంటబెట్టుకుని, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటూ, ఆచార్యుడు తన చివరి నెలంతా విభాగం వరండాలో తిరుగుతాడు.